ఖాళీ కుర్చీకి ఎడమపక్క

పాలపర్తి సుధీంద్ర నన్ను ముంచాడంటే ఆ ఆఫీసులో ఎవరూ నమ్మరు. ఆయన ఎవరి మీదా గొంతు పెంచి ఎరగడు. తాగిన గ్లాసు నా చేతికి అందించి థాంక్స్ చెప్పే ఆఫీసరు ఆ కొండ మీద ఆయనొక్కడే. అందుకే ఆయన పేరు ముందు రాస్తున్నాను. అరిచే మనిషయితే నేను మొదటి రోజే జాగ్రత్తపడేవాణ్ణి.

నా పేరు గౌరునాయుడు. ఏడో తరగతిలో బడి మానేశాను. విశాఖపట్నంలో రుషికొండ మీద, సముద్రం కనిపించే ఒక కంప్యూటర్ కంపెనీలో మూడో అంతస్తు క్యాంటీను పద్నాలుగేళ్ళు నడిపాను. పొద్దున పదకొండుకి, సాయంత్రం నాలుగుకి టీ ట్రే పట్టుకుని నేనే బల్లబల్లకీ వెళ్ళేవాణ్ణి. పనివాళ్ళని పంపేవాణ్ణి కాదు. గ్లాసు పెట్టాక మనిషికి ఎడమపక్కన నిలబడేవాణ్ణి. మొదటి గుక్క లోపలికి వెళ్ళేదాకా కదిలేవాణ్ణి కాదు. పంచదార సరిపోయిందో లేదో మొహం చూస్తే తెలిసిపోతుంది. అంతకు మించి అందులో ఏమీ లేదు. మాట్లాడేది కూడా తక్కువే.

కరోనా జబ్బు రోజుల్లో అందరూ ఇళ్ళకు పోయారు. జబ్బు పోయింది గానీ మనుషులు తిరిగి రాలేదు. రెండు వందల నలభై కుర్చీల మీద ప్లాస్టిక్ కవర్లు కప్పారు. వారానికి మూడు రోజులు రమ్మని కంపెనీ ఉత్తరాలు పంపింది. రాకపోతే జీతం కోస్తామంది. అయినా ముప్పై మంది కూడా వచ్చేవారు కాదు. నేను వాళ్ళని తప్పుపట్టను. గాజువాక నుంచి కొండెక్కాలంటే రెండు గంటలు, దిగాలంటే రెండు గంటలు. ఆ నాలుగు గంటల్లో ఒక తల్లి పిల్లలకు అన్నం పెట్టుకుంటుంది. కానీ వాళ్ళు రాకపోతే నా పాలు విరిగిపోయేవి. వాళ్ళ వైపు న్యాయం ఉంది, నా వైపు ఆకలి ఉంది.

అలాంటప్పుడు సుధీంద్ర వచ్చాడు. పక్కనున్న మీటింగు గదిలో తెరలు, తీగలు పెట్టుకుని ఏవో పరీక్షలు మొదలెట్టాడు. వచ్చిన ఆ కొద్దిమంది బల్లల కింద అగ్గిపెట్టెలంత డబ్బాలు అంటించాడు. దొంగల్ని పట్టుకోడానికేమో అనుకుని నేను చెంచాలు లెక్కపెట్టుకున్నాను.

నెల తర్వాత నన్ను పిలిచి తెర చూపించాడు. దాని మీద ఒక పచ్చ గీత నేలబారుగా పోతూ పదకొండు గంటల దగ్గర లేచింది. నాలుగు దగ్గర మళ్ళీ లేచింది.

"ఇది ఏమనుకుంటున్నావ్ నాయుడూ?"

"టీ టైమండీ."

"మేమూ అదే అనుకున్నాం. చూద్దాం, ఈ రోజు ట్రే నేను తీసుకెళ్తాను. నువ్వు ఇక్కడే ఉండు."

నా ఏప్రన్ కట్టుకుని తీసుకెళ్ళాడు. రెండో బల్ల దగ్గరే కీబోర్డు మీద ఒలకబోశాడు. అందరూ నవ్వారు, కానీ తెర మీద గీత లేవలేదు. మర్నాడు నన్ను టీ లేకుండా వెళ్ళి నిలబడమన్నాడు.

"ఉత్త చేతుల్తో వచ్చావేటి నాయుడు బాబాయ్, గేసయిపోనాదా?" అని ఒక కుర్రాడు ఎగతాళి చేశాడు. నేను సిగ్గుపడుతూ ఒక్కో బల్ల దగ్గర నిమిషం నిలబడి వచ్చాను. తిరిగొచ్చేసరికి సుధీంద్ర తెర ముందు నోటిమీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. గీత తాటిచెట్టంత లేచింది. నేను ఏ బల్ల దగ్గరుంటే ఆ బల్ల దగ్గర లేచింది.

"మనిషి పక్కన మనిషి ఉంటే ఒంట్లోంచి ఒంట్లోకి ఏదో పోతుంది నాయుడూ. వేడి కాదు, వాసన కాదు. అది అందినవాళ్ళు కుదుటపడతారు, పని తేలిగ్గా చేస్తారు. దానికింకా పేరు లేదు. మేం తోడు అంటున్నాం. అందరిలోనూ ఉంటుంది. నీలో ఉన్నంత ఎవరిలోనూ చూడలేదు."

పొగడ్త అనుకున్నాను. ఆ రోజు ఇంటికి వెళ్ళి నా పెళ్ళాం నూకరత్నానికి చెప్తే, "నీలో అదుందని మిషన్ సెప్పాలేటి? టీకొట్టోడికి పెద్ద మిషన్లూ" అని నవ్వి, కూరలో ఇంకో గరిట నూనె వేసింది.

తర్వాత ఆయన కట్టిన ఏర్పాటు ఇది. మీటింగు గదిలో నలభై ఖాళీ కుర్చీలు వరసగా వేశారు. ఒక్కో కుర్చీ వంద ఇళ్ళకు కలిపి ఉంటుంది. ఆ ఇళ్ళలో పనిచేసుకునేవాళ్ళ బల్లల మీద చిన్న దీపం లాంటి డబ్బా ఉంటుంది. నా నడుముకు ఒక బెల్టు కట్టారు. నేను చెయ్యాల్సిందల్లా కుర్చీకి ఎడమపక్కన నిలబడటం. అవతల ఇళ్ళలో మనుషులు కుదుటపడగానే కుర్చీ వెనక పచ్చలైటు వెలుగుతుంది. అప్పుడు పక్క కుర్చీకి జరగాలి. నలభై అయ్యాక మళ్ళీ మొదటికి. రోజుకి ఎనిమిది గంటలు. నాలుగు వేల మంది ఆఫీసుకి రాకుండానే ఆఫీసు వాళ్ళ దగ్గరికి పోతుందని సుధీంద్ర అన్నాడు. వాళ్ళ ప్రయాణం తప్పుతుంది, నా బతుకూ నిలబడుతుంది. ఆ రోజు నాకూ అందులో తప్పు కనిపించలేదు.

"నా ఒంట్లోంచి ఏటైనా తరిగిపోద్దా సార్?" అని అడిగాను. అడగలేదని ఎవరూ అనకూడదు.

"నువ్వు ఊరికే నిలబడ్డా అది పోతూనే ఉంటుంది నాయుడూ. దాన్ని పట్టి పంపుతున్నాం, అంతే."

మూడేళ్ళ ఒప్పందం. ఇంగ్లీషు కాగితాలు. ఆరు లక్షలు ముందుగా ఇచ్చారు. మధ్యలో మానేస్తే ఆ సొమ్ము తిరిగి కట్టాలి. ఆఫీసు మూతపడ్డ కాలంలో పాలవాడికీ గ్యాసువాడికీ మిగిలిపోయిన బాకీలకే అదంతా పోయింది. నిలబడటానికి డబ్బులిచ్చే పిచ్చివాళ్ళు కూడా ఉంటారా అని సంతకం పెడుతూ లోపల నవ్వుకున్నాను.

నెలనెలా సుధీంద్ర ఒక ఫారం ముందు పెట్టుకుని అడిగేవాడు. నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, ఇంట్లో ఏమైనా తేడా కనిపించిందా. ఇంటి సంగతులు ఆఫీసులో చెప్పడం మాకు అలవాటు లేదు. ఇంట్లో చావు జరిగినా బయట అడిగితే బాగున్నామండీ అంటాం. నేను ప్రతి నెలా ఏమీ లేదండీ అన్నాను. ఆయన ఏమీ లేదు అని రాసుకున్నాడు. నా తప్పు ఏదైనా ఉంటే అదే.

తేడా రెండో నెలలోనే వచ్చింది.

మాకు ఒక్కతే కూతురు, పావని. అప్పటికి పదకొండేళ్ళు. పుట్టుకతోనే చూపు లేదు. నేను సందు మొదట్లో ఉండగానే నాన్న వస్తున్నాడని తల్లికి చెప్పేది. చెప్పుల చప్పుడు వినో, అల్లం వాసనకో కాదు. ఒకసారి నేను కొత్త చెప్పులు వేసుకుని, స్నానం చేసి, చడీ చప్పుడు లేకుండా వచ్చినా పట్టేసింది. ఎలా తెలుస్తుందే అంటే, "నువ్వొత్తే గది నిండుతాది" అంది. సాయంత్రం నా వీపుకు వీపు ఆనించి కూర్చుని చుక్కల పుస్తకం వేళ్ళతో చదువుకునేది. నేను లేకపోతే రెండు పేజీలు కూడా చదవదని వాళ్ళ టీచరమ్మ నా మీద ఫిర్యాదు కూడా చేసింది.

రెండో నెలలో ఒక సాయంత్రం నేను గుమ్మంలోకి వచ్చి నిలబడితే పావని ముక్కు ఎగబీల్చింది. "అల్లం వాసన వచ్చీసింది. నాన్న రాలేదేటి?" అంది. ఆట పట్టిస్తోందనుకుని నవ్వాను. నవ్వు విని ఉలిక్కిపడింది.

ఆ తర్వాత నూకరత్నం. ఆదివారం పొద్దున నేను మంచం మీద కూర్చుని పేపరు చదువుతుంటే బయట తాళం వేసి బజారుకి పోయింది. గంట తర్వాత వచ్చి తలుపు తీసి నన్ను చూసి గుండె పట్టుకుంది.

"ఇంట్లో ఉన్నానని ఒక కేకెయ్యలేవా మావా?"

"నీ ముందే కూకున్నాను కదే. పేపరు నువ్వే ఇచ్చావు."

"నేనిచ్చానా?" అని ఆలోచించింది. "ఇచ్చాను. ఇచ్చీసి... ఏటో, ఇల్లు కాళీగా ఉందనుకున్నాను." తర్వాత కూరల సంచి దించి, "ఆఫీసులో ఏటి సేత్తన్నారు నిన్ను?" అని అడిగింది.

"ఏటీ లేదు. నిలబడతన్నాను."

భోజనాల దగ్గర రెండు కంచాలే పెట్టి, నాలిక కరుచుకుని మూడోది తేవడం మొదలైంది. నేను పనికట్టుకుని దగ్గుతూ, కూనిరాగం తీస్తూ, తలుపులు గట్టిగా వేస్తూ తిరిగేవాణ్ణి. నా ఇంట్లో నేనున్నానని చాటింపు వేసుకున్నట్టుండేది. అయినా వాళ్ళకి నమ్మకం రాలేదు. వయసు మీదపడిందనుకున్నాను, వాళ్ళకే నా మీద మనసు విరిగిందనుకున్నాను. బెల్టు వల్లనని మాత్రం అనుకోలేదు. అనుకోవాలని లేక అనుకోలేదేమో కూడా.

అయిదో నెలలో ఒక సాయంత్రం పావని వచ్చి నా వీపుకు ఆనుకుని పుస్తకం తెరిచింది. చాలా రోజులకి వచ్చిందని నేను ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటున్నాను. నాలుగు వరసలు చదివి ఆగింది.

"అమ్మా, నాన్న ఇంకా రాలేదేటి? సదువు ఎక్కట్లేదు."

నూకరత్నం పొయ్యి దగ్గర నుంచి తిరిగి చూసింది. "నాన్నకే ఆనుకుని కూకున్నావు కదే."

పావని చెయ్యి వెనక్కి పెట్టి నా భుజం, మెడ, చెవి తడిమింది. చేతిని ఒళ్ళోకి లాక్కుంది.

"గోడనుకున్నాను" అంది.

ఆ తర్వాత వారంలోనే సంయుక్త కొండెక్కి వచ్చింది. ఒకప్పుడు ఆమె కిటికీ పక్క బల్ల మీద పనిచేసేది. పంచదార తక్కువ, పాలు ఎక్కువ. ఇప్పుడు గాజువాకలో అద్దె గదిలో ఒక్కతే ఉండి పనిచేస్తోంది. నేను నలభై కుర్చీలు ఒక చుట్టు ముగించి, బెల్టు విప్పి, క్యాంటీనులోకి వచ్చేసరికి ఆమె ఒక బల్ల దగ్గర కూర్చుని ఉంది. నాకు సంతోషమైంది. టీ పెట్టి తీసుకెళ్ళి, ముందర పెట్టి, ఎడమపక్కన నిలబడ్డాను. ఆమె ఫోను చూసుకుంటోంది. టీ మీద మీగడ కట్టింది. నేను నిలబడే ఉన్నాను. ఆమె తల ఎత్తి, నా భుజం పక్కనుంచి క్యాంటీను అంతా కలయజూసి, మళ్ళీ ఫోను చూసుకుంది.

"టీ సల్లారిపోతందమ్మా" అన్నాను.

ఆమె కుర్చీతో సహా వెనక్కి జరిగింది. "బాబాయ్... ఎప్పుడొచ్చారు?"

"నువ్వు ఫోను తీసినకాడి నుంచీ ఇక్కడే ఉన్నాను."

ఆమె నన్ను చూసి ఏడ్చేసింది. "మీరు పోయారనుకున్నాను బాబాయ్. బతికున్నారో లేదో చూసి పోదామని వచ్చాను."

నేను కూర్చున్నాను. ఆమె చెప్పింది. తల్లి పోయాక ఆ గదిలో ఆమెకి రోజుల తరబడి మాట్లాడే మనిషి లేడు. ఆఫీసుకి రమ్మని ఉత్తరం వస్తే రెండుసార్లు వచ్చి, ఖాళీ కుర్చీలు చూసి, ఇంకా దిగులుపడి పోయింది. అప్పుడు కంపెనీ వాళ్ళు ఆ డబ్బా పంపారు. పెట్టిన మొదటి రోజే ఎడమపక్కన ఎవరో వచ్చి నిలబడ్డట్టయింది.

"కాసేపుండి, నేను నీళ్ళు తాగగానే వెళ్ళిపోయారు. అలా నిలబడే మనిషి మీరు తప్ప లోకంలో ఎవరున్నారు బాబాయ్? దెయ్యమై తిరుగుతున్నారేమో అనుకున్నాను. భయం వెయ్యలేదు. రోజూ మీరొస్తారని లేచి తల దువ్వుకుంటున్నాను. లేకపోతే నేనెప్పుడో..." అని ఆపేసింది. తర్వాత నన్ను పరీక్షగా చూసింది. "కానీ ఇప్పుడు ఎదురుగా కూర్చుంటే మీరు ఉన్నట్టే లేదు. ఏమీ అనుకోకండి. ఫొటో చూస్తున్నట్టుంది."

ఏమనుకుంటాను. ఎక్కడికి పోతున్నానో అప్పుడు అర్థమైంది. నా కూతురికి చేరాల్సింది ఈమె గదికి, ఇలాంటివి నాలుగు వేల గదులకి చేరుతోంది. ఈమె దొంగ కాదు. ఆ దువ్వుకున్న తల చూస్తే మానేస్తానని చెప్పడానికి నోరు రాలేదు.

చల్లారిన టీ తాగేసి సంయుక్త వెళ్ళిపోయింది. నేను మీటింగు గదికి వెళ్ళి బెల్టు సుధీంద్ర బల్ల మీద పెట్టాను.

"ఇది ఎవరికైనా కట్టి చూశారా సార్, నాకు కట్టకముందు?"

ఆయన చాలాసేపు బెల్టు కొసలు సరిచేశాడు. "నేనే కట్టుకున్నాను. పదహారు రోజులు."

"విప్పీసారేం?"

"మా బాబుకి అప్పుడు మూడేళ్ళు. నా ఒళ్ళో కూర్చుని, నాన్న కావాలని ఏడ్చాడు."

ఆయన తల ఎత్తకుండానే చెప్పాడు. "నా కొలత చాలా తక్కువ నాయుడూ. ఉన్న కాస్తా అయిపోయింది, అందుకే అలా జరిగిందనుకున్నాను. నీది నాకు వంద రెట్లు. నీకేమీ కాదని నిజంగా నమ్మాను. ప్రతి నెలా ఇంట్లో తేడా ఉందా అని అడిగాను. లేదన్నావు."

"ఉందంటే ఆపేసీవారా?"

ఆయన బెల్టు చుట్టి సొరుగులో పెట్టాడు. ఆపేవాణ్ణని అబద్ధం చెప్పలేదు, అంతవరకు మెచ్చుకోవాలి.

"ఎంతుంటే మాత్రం నాలుగు వేల ఇళ్ళకి పోతే నా ఇంటికి మిగుల్తాదా సార్. మీకు తిరిగొచ్చిందా?"

"వచ్చింది. ఎనిమిది నెలలు పట్టింది. నీకు ఎంత పడుతుందో తెలియదు. వస్తుందో లేదో కూడా నేను చెప్పలేను."

మర్నాటి నుంచి వెళ్ళలేదు. క్యాంటీను కూడా ఆ ఒప్పందంతో ముడిపెట్టారు గనక అదీ పోయింది. సాగరతీరం రోడ్డు మీద టీ బండి పెట్టుకున్నాను. గిరాకీ తక్కువ. నా బండి ముందు నుంచే నడిచి, పది అడుగులవతల మనిషిని టీ ఎక్కడ దొరుకుతుందని అడిగేవారు. అరిచి పిలిస్తే వచ్చేవారు.

కంపెనీ నుంచి నోటీసు వచ్చింది. ముందుగా ఇచ్చిన సొమ్ము, దాని మీద వడ్డీ. సుధీంద్ర బండి దగ్గరికి వచ్చి సగం తన జీతంలోంచి కడతానన్నాడు. ఆయన కళ్ళ కింద నల్లగా ఉంది, నెలల తరబడి నిద్ర లేనట్టుంది. వద్దన్నాను. తీసుకుంటే ఆయనకి నిద్రపడుతుంది. టీ మాత్రం ఇచ్చాను, డబ్బులు తీసుకున్నాను.

సంయుక్త రెండుసార్లు ఫోను చేసింది. డబ్బా ఆగిపోయిందని మొదటిసారి. నేనే ఆపానమ్మా, నా ఇంట్లో నా అవసరం పడింది అన్నాను. "మంచి పని చేశారు బాబాయ్" అని పెట్టేసింది. ఆ గొంతు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. రెండోసారి, వారానికి రెండు రోజులు కొండెక్కుతున్నానని చెప్పింది. ఫోన్లు చేసి తనలాంటి వాళ్ళని పదకొండు మందిని పోగేసిందట. ఒకరి టీ ఒకరు పట్టుకెళ్ళి ఇచ్చుకుంటున్నారట. "మీలాగా రాదు గానీ, ఎవరో ఒకరు ఉంటున్నారు" అంది. బెల్టు ఇప్పుడు ఇంకెవరి నడుముకో కట్టారని కూడా చెప్పింది. ఎవరో తెలుసుకోవాలని గేటు దాకా వెళ్ళాను. లోపలికి రానివ్వలేదు.

ఇంట్లో ఆరు నెలలు ఏమీ మారలేదు. ఏడూ, ఎనిమిదీ అలాగే పోయాయి. పావని పుస్తకం పట్టుకుని వచ్చి, చెయ్యి చాచి నేనున్నానో లేదో తడిమి, అప్పుడు కూర్చునేది. అలవాటు కోసం కూర్చునేది. సుధీంద్రకి పట్టిన ఎనిమిది నెలలు నాకు దాటిపోయాయి. నాది తిరిగి రాదనే అనుకున్నాను. నూకరత్నం ఆ మాట పైకి అనలేదు గానీ నా కంచం ముందే పెట్టి, దాని పక్కనే కూర్చుని కాపలా కాసేది.

నోటీసు గడువు దగ్గరపడింది. పద్మనాభం ఊరి దగ్గర మా నాన్న వేసిన జీడితోట ఉంది. మా పెదనాన్న కొడుకు సత్యంనాయుడు కొంటానన్నాడు. తొమ్మిదో నెల చివర్లో ఇంట్లో ముగ్గురం, సత్యంనాయుడితో కలిసి సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళాం. పెళ్ళి రిజిస్ట్రేషన్ల వాళ్ళు, ఫ్లాట్ల వాళ్ళు, బ్రోకర్లు, వరండా నిండా జనం. నూకరత్నం, పావని ఆ చివర బెంచీ మీద కూర్చున్నారు. నన్ను లోపలి కౌంటరు దగ్గరికి పిలిచారు. మధ్యలో ముప్పై మంది, ఒక గోడ, తిరుగుతున్న మూడు ఫ్యాన్లు.

గుమాస్తా కాగితం తిప్పి వేలు పెట్టి చూపించాడు. పెన్ను పట్టుకున్నాను. కింద హద్దులు రాసి ఉన్నాయి. తూర్పున పారే గెడ్డ, పడమర సత్యంనాయుడి మామిడి. చెయ్యి ఆగిపోయింది. నేనేమీ అనలేదు. దగ్గలేదు, కదల్లేదు. ఈ తోట పోతే మళ్ళీ రాదు, ఇంత చేసినా ఒంట్లో తోడు మాత్రం తిరిగొచ్చిందా అని నిలబడిపోయాను, అంతే. సత్యంనాయుడు కూడా మొహమాటపడి గోడ మీద క్యాలెండరు చూస్తున్నాడు.

వరండాలోంచి పావని గొంతు వినిపించింది. తల్లితో అంటోంది. మామూలుగా, దాహం వేస్తోందని చెప్పినట్టు.

"అమ్మా, నాన్నకి మనసు ఒప్పట్లేదు. లోపల అలగే నిలబడిపోనాడు."

జనంలోంచి ఎవరో నవ్వారు. నూకరత్నం ఏమందో నాకు వినిపించలేదు. పావని ఈసారి నా వైపు తిరిగి ఉంటుంది, గొంతు నేరుగా గోడ దాటి వచ్చింది.

"నాన్నా, సంతకం ఎట్టీ. పర్లేదు."

గుమాస్తా నన్నూ, తలుపునూ మార్చి మార్చి చూశాడు. నేను కళ్ళు తుడుచుకుని పెట్టాను. మూడు చోట్ల సంతకం, ఒక చోట వేలిముద్ర. నలభై రెండు సెంట్లు, అందులో కాపుకొచ్చిన జీడిచెట్లు ముప్పై ఒకటి.